సొంత అవసరం

ఫిబ్రవరి 2
లాయరు దగ్గరికి వెళ్ళొచ్చాను. కింది పోర్షన్ ఖాళీ చేయించాలి. సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. యాక్సిడెంట్ అయి ఏడు నెలలైంది, అక్కకి కాళ్ళు పనిచేయవు. మేముండేది మేడ మీద. లిఫ్ట్ పెట్టే చోటు లేదు. కింద టైలర్ మాస్టారు పంతొమ్మిదేళ్ళుగా కొట్టు నడుపుతున్నారు. నాన్న ఉన్నప్పుడు రాసిన అగ్రిమెంటు పదకొండు నెలలది. ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

గడువు అయిపోయింది కదా, పొమ్మంటే పోవాలి కదా అన్నాను. కాగితం గడువు అయిపోయినా రెంట్ కంట్రోల్ చట్టం ఉందమ్మా అన్నాడు లాయరు. నెలనెలా అద్దె కట్టేవాళ్ళని ఊరికే లేపడం కుదరదట. ఇల్లు మాకే నిజంగా అవసరమని కోర్టులో రుజువు చేయాలట.

ఆ అవసరం మేడ మీద మంచంలో పడుకుని ఉంది. ఇంకేం రుజువు కావాలి.

ఫిబ్రవరి 3
కేసు వేసేముందు మాస్టారిని నేనే అడిగాను. కత్తెర పక్కన పెట్టి విన్నారు. అరవై రెండేళ్ళొచ్చాయి, కొత్త వీధిలో నన్ను నమ్మి గుడ్డ ఎవరిస్తారమ్మా అన్నారు. అయితే కోర్టుకి వెళ్తున్నానని చెప్పాను. వెళ్ళండి, మీ తప్పేం లేదు అన్నారు.

తిట్టినా బాగుండేది.

మార్చి 20
మా కేసుకి జవాబుగా కౌంటర్ వచ్చింది. మాస్టారి లాయరు రాశాడు. పైన మూడు గదులున్నాయి కాబట్టి అవసరం అబద్ధమట. వేరేవాళ్ళకి ఎక్కువ అద్దెకి ఇచ్చుకోవడానికే ఈ నాటకమట. అక్క పరిస్థితిని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తున్నామట.

అక్కకి చదివి వినిపించాను. నేనేమో సగమే మిగిలాననుకుంటుంటే ఈయన ఎక్కువంటున్నాడేమిటే అంది. అని నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కింద మిషన్ చప్పుడు వినపడితే చాలు, వెళ్ళి తలుపు మూసేస్తున్నాను.

మార్చి 21
తలుపు తెరిచే ఉంచమంది అక్క. నేను ల్యాబ్‌కి డ్యూటీకి వెళ్ళాక సాయంత్రం దాకా తనకి వినపడే మనిషి అలికిడి అదొక్కటేనట.

జూన్ 6
కోర్టు పంపిన కమిషనర్ వచ్చాడు. టేపుతో గదులు కొలిచాడు. మెట్లు లెక్కపెట్టి ఇరవై రెండని రాసుకున్నాడు. అక్క గదీ కొలిచాడు. అక్క వైపు చూడలేదు.

జూలై 2
అక్క సాక్ష్యం కావాలట. ఇంటికే వచ్చి తీసుకోమని అడగొచ్చు కానీ ఇంకో మూడు నెలలు సాగుతుందన్నాడు మా లాయరు. ఎందుకూ, నేనే వస్తానంది అక్క.

జూలై 18, ఉదయం 8
మోయడానికి మాట్లాడిపెట్టుకున్న ఇద్దరూ రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. పదిన్నరకి కోర్టు. అక్క తల దువ్వుకుని, చక్రాల కుర్చీలో ఎప్పుడో తయారుగా కూర్చుంది.

జూలై 18, సాయంత్రం 5
నేను మెట్ల మీద నిలబడి ఫోన్‌లో అరుస్తుంటే మాస్టారు బయటికొచ్చారు. ఆయనా కోర్టుకే బయల్దేరుతున్నారు. ఏమైందని అడిగారు. చెప్పాలనిపించలేదు, అయినా చెప్పాను. కొట్లో తనతో పనిచేసే తమ్ముణ్ణి కేకేశారు. చెప్పులు విప్పి ఇద్దరూ పైకొచ్చారు. వెనక మాస్టారు, ముందు తమ్ముడు, పక్కన పట్టుకుని నేను. మలుపు దగ్గర కుర్చీ గోడకి ఇరుక్కుంది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. భయపడకమ్మా, నా నడుం గట్టిదే అన్నారు మాస్టారు. కిందికి దిగాక నడుం పట్టుకుని గోడకి ఆనుకున్నారు.

కోర్టుకి విడివిడిగా వెళ్ళాం.

ఆయన లాయరు అక్కని మొదట అడిగింది మెట్ల గురించే. మెట్లు దిగలేనంటున్నారు, మరి ఈరోజు ఎలా దిగారు అన్నాడు. మీ క్లయింటు మోసుకొచ్చారండీ అంది అక్క. లాయరు వెనక్కి తిరిగి చూశాడు. మాస్టారు తల దించుకున్నారు. లాయరు కాసేపు కాగితాలు తిరగేసి, సరే, మళ్ళీ పైకెలా వెళ్తారు అన్నాడు. అది కూడా ఆయన్నే అడగాలి అంది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు మాస్టారు లేచారు. లాయరు చొక్కా పట్టుకుని లాగినా కూర్చోలేదు. ఆ కుర్చీ బరువెంతో నాకు ఈ పొద్దున తెలిసిందండీ, ఖాళీ చేస్తాను, చోటు వెతుక్కోవడానికి కొంచెం టైమ్ ఇప్పించండి అన్నారు. ఎంత కావాలని జడ్జిగారు అడిగితే ఆరు నెలలన్నారు. ఎనిమిది తీసుకోమన్నాను నేను. మా లాయరు నన్ను కొరకొరా చూశాడు. అలాగే రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం.

గెలిచామన్న మాట ఇంట్లో ఎవరం అనలేదు. అక్కని పైకి కూడా వాళ్ళే ఎక్కించారు.

మార్చి 4
మాస్టారు తాళంచెవులు ఇచ్చారు. రెండు వీధుల అవతల కొట్టు దొరికింది, పాతదానిలో సగం ఉంటుందేమో. వచ్చినవాళ్ళకి తెలియాలి, గోడ మీద కొత్త అడ్రసు రాసుకోనా అని అడిగారు. రాసుకోమన్నాను. ఒక్కో అక్షరం మూరెడు. మా ఇంటి నంబరు దాని కింద పడి కనపడకుండా పోయింది.

మార్చి 15
అక్క కిందికి మారింది. నేను పైనే. వీధిలోకి తనే వెళ్ళి కూరలు కొనుక్కొచ్చింది. బాగాలేవు. బాగున్నాయన్నాను.

ఏప్రిల్ 9
ల్యాబ్ నుంచి రాగానే కిందికే వెళ్ళాను. లోపల గడియ వేసుంది. యాక్సిడెంట్ అయ్యాక అక్క గడియ వేసుకోవడం ఇదే మొదటిసారి. తట్టాను. ఎవరు అంది. నేనే అన్నాను. ఒక్క నిమిషం ఆగమంది.

గుమ్మం బయట నిలబడ్డాను.