పెళ్లాం వాటా భూమి

ఓరెగాన్, విల్లమెట్ లోయ
1851 అక్టోబరు

ప్రియమైన కెజీకి,

ఇక్కడ క్షేమం. ఈ లోయకొచ్చే దారిలో కలరాకి అమ్మా నాన్నా పోయాక, మన బండ్ల గుంపు పెద్ద హోబర్ట్ గారు నన్ను తనింట్లో, నిన్ను టటిల్ వాళ్లింట్లో పెట్టారు కదా. ఇప్పుడాయనే నీకు సంబంధం చూశారు. ప్రూయెట్ గారని, వయసు కాస్త ఎక్కువే గానీ నెమ్మదస్తుడు. దిక్కులేని పిల్లకి ఇంతకంటే ఏం కావాలి? మొండికెయ్యకు.

నీ అన్న,
ఓరిన్


అన్నయ్యా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నాకు పధ్నాలుగేళ్లు, ఆయనకి నలభై దాటాయి! నిన్న వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "దీనికి పన్నెండు నిండాయా?" అనడిగాడు. నా పేరైనా అడగలేదు. పెళ్లయినవాడికి సర్కారు రెట్టింపు భూమి ఇస్తుందట, డిసెంబరు లోపల పెళ్లాం ఉండాలట. లోయలో మగాళ్లంతా ఇంటింటికీ తిరిగి ఆడపిల్లల్ని వెతుకుతున్నారు. పక్కింట్లో బొమ్మతో ఆడుకునే పిల్లకీ పెళ్లి చేసేశారు. టటిల్ అమ్మగారేమో నా గౌను అంచు విప్పి పొడుగు చేస్తోంది, పెద్దదానిలా కనబడాలట. ఒళ్లు మండిపోతోంది! అయినవాళ్లు ఒప్పుకోకపోతే పాదిరీ పెళ్లి చెయ్యడు. నువ్వొచ్చి వద్దని చెప్పు. నాకింకెవరున్నారు?

నీ చెల్లి,
కెజయా


చెల్లీ,

కోపం తెచ్చుకోకు. పెళ్లినాటికి వస్తున్నాను. నీకు అన్యాయం జరగనిస్తానా? అంతా నేను చూసుకుంటాను. టటిల్ అమ్మగారితో మాత్రం గొడవ పడకు.

ఓరిన్


ఓరిన్‌కి,

వచ్చావు. నిన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాను, బుద్ధిలేనిదాన్ని. నీ బండికి నాన్న ఎద్దులు కట్టి ఉన్నాయి. నాన్న పోయిన రోజే హోబర్ట్ గుంజుకున్న ఎద్దులు నీ దగ్గరికెలా వచ్చాయో అడగాలని కూడా తట్టలేదు.

పిల్లనెవరు ఇస్తున్నారని పాదిరీ అడిగితే "నేనే" అన్నావు. నీ గొంతు వణకనైనా లేదు, ఛీ!

నన్నడిగినప్పుడు, "చేసుకోను! వీడు నన్ను రెండు ఎద్దులకి అమ్మేశాడు!" అని అరిచాను. పాదిరీ పుస్తకం మూసేశాడు. "ఇప్పుడింకో పిల్లని ఎక్కడ వెతకను!" అని ప్రూయెట్ నెత్తి కొట్టుకున్నాడు. హోబర్ట్ వెళ్లి ఎద్దుల్ని విప్పుకుపోయాడు. నువ్వు వాటి వెనకాలే పరుగెత్తావు గానీ నావైపు తిరిగి చూడలేదు.

టటిల్ అమ్మగారు ఆ పూటే గెంటేసింది. రేవు దగ్గర పూటకూళ్లింట్లో అంట్లు తోముతున్నాను. నీకెవరైనా ఉన్నారా అని ఇక్కడి యజమానురాలు అడిగింది. అమ్మ, నాన్న, అన్న, ముగ్గురూ దారిలోనే పోయారని చెప్పాను.

ఇక నాకు ఉత్తరాలు రాయకు.

కెజయా