నెల్లికుదురు సంత పీట

సుజాతక్కా,

తెలంగాణ కోసం టీచర్లం చేసిన సమ్మె ముగిసింది. ఇవాళే తండా బడి తాళం తీశాను. నువ్వు కన్నుమూశాక ఒకటో తరగతి నాదే.

నేనేం చెప్పకముందే పిల్లలు నువ్వు పెట్టిన మూలలకు సర్దుకున్నారు. కొందరు ఇసుకలో అక్షరాలు దిద్దుతున్నారు, కొందరు చింతగింజలతో పేర్లు పేరుస్తున్నారు. కిటికీ ఎండలో గదంతా నీళ్ల అడుగున ఉన్నట్టు మెల్లగా కదులుతోంది.

కథల మూలలో, నెల్లికుదురు సంతలో నువ్వు కొన్న పీట ముందు బుజ్జి చదువుతోంది. తెలుగు మాట తెలియకపోతే లంబాడీలో చెప్పి, ఖాళీ పీట వైపు చూసి, నువ్వు తలూపేంతసేపు ఆగుతోంది.

నేను పీట మీద కూర్చోబోతే బుజ్జి ఆపింది.

"గా పీట టీచర్ జాగ సారూ. నువ్వు లైన్ల కూసో."

పిల్లల వెనక లైన్లో కూర్చున్నాను. నా ముందు ఇంకా ఇద్దరున్నారు. నా వంతు వచ్చేసరికి నీకు చదివి వినిపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకే ఇది రాస్తున్నాను.