ఏడో ఫ్రేమ్ బతికే ఉంది

ఏప్రిల్ 4
పదకొండో డైవ్. ఊపిరి పీలిస్తే పైకి లేస్తాను, వదిలితే పగడాల మీద పడబోతాను. నీళ్లలో ఎక్కడున్నదానివి అక్కడ నిలబడడం నేర్చుకో అని మాకు డైవింగ్ నేర్పే మేడమ్ మళ్లీ చెప్పారు. ఇవాళ నా కాలికున్న రబ్బరు ఫిన్ తగిలి చిటికెన వేలంత కొమ్మ విరిగింది. అంత ఎదగడానికి దానికి ఏడాది పడుతుందట. బోటెక్కి ఏడ్చాను. బోటు నడిపే బాబాయ్ నా చేతిలో టీ పెట్టి, సముద్రంలో ఉప్పు చాలదని నువ్వూ కలుపుతున్నావా అన్నాడు.

ఏప్రిల్ 9
మేడమ్‌కి డైవింగ్ నేర్పింది బాబాయేనట! కర్ణభేరి పగిలాక బాబాయ్‌ని డాక్టరు నీళ్లలోకి దిగొద్దన్నారట. అంతకుముందు చేసిన చివరి డైవ్‌లో, విరిగిపడ్డ పగడపు కొమ్మలు పద్దెనిమిది ఏరి, మళ్లీ పెరగాలని సముద్రం అడుగున ఇనుప ఫ్రేమ్‌కి తన చేత్తో కట్టాడు. అదే ఏడో ఫ్రేమ్. మేం పైకి తేలగానే, మా క్షేమం తర్వాత సంగతి, నా పిల్లలెలా ఉన్నారే అని అడుగుతాడు. భలే మనిషి.

ఏప్రిల్ 26
మూడు వారాలుగా నీళ్లు వేడెక్కుతున్నాయి. ఏవి బతికున్నాయో లెక్కపెట్టే సర్వేలో ఏడో ఫ్రేమ్ నాకిచ్చారు. మొత్తం తెల్లగా పాలిపోయింది. దగ్గరికెళ్తే మళ్లీ ఫిన్ తగిలించి విరగ్గొడతానేమోనని భయమేసింది. రెండు బారల దూరంలోనే ఆగి, నీళ్లలో రాసుకునే స్లేట్ మీద పద్దెనిమిది సార్లు D అని రాశాను. D అంటే డెడ్.

ఏప్రిల్ 27
రెండో తారీకున ఏడో ఫ్రేమ్ ఖాళీ చేసి కొత్త కొమ్మలు కడదాం అన్నారు మేడమ్. బాబాయ్ సరేనన్నాడు. తుడిచిన ఇంజనే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు.

ఏప్రిల్ 28
బాబాయ్ ఇవాళ పిల్లల సంగతి అడగలేదు.

ఏప్రిల్ 29, ఉదయం 5.30
మాన్యువల్ తెరిచాను. పగడాలు తెల్లబడితే చచ్చినట్టు కాదు. వేడికి ఒంట్లో ఉండి తిండి పెట్టే రంగు నాచును బయటికి తోసేసి, ఆకలితో ఉంటాయంతే. చచ్చినవాటి మీద బూజులా నాచు పడుతుంది. జానెడు దూరం నుంచి చూస్తే గానీ తేల్చకూడదు. పరీక్షలో ఇదే రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్న మేధావిని నేను! బతికున్నవాటికి పాడె కట్టేశానా? చెబితే సర్వే నుంచి తీసేస్తారు. పైగా అవి నిజంగానే పోయుంటే బాబాయ్‌కి రెండోసారి గుండెకోత.

6.10
చెప్పేశాను. మేడమ్ చడామడా తిట్టారు. పగడాన్ని కాపాడాలని దూరంగా ఉండి పగడాన్నే చంపావా, రేపు నా పక్కనే దిగి చూడు అన్నారు.

ఏప్రిల్ 30
సగం ట్యాంకు గాలి ఖర్చయింది. జానెడు దూరంలో నిలబడగలిగాను, నేనే! భూతద్దంలో కొమ్మ నిండా బుల్లి బుల్లి నోళ్లు, గాజులా, కదులుతూ. ఆరింటి మీద నాచు పట్టేసింది. పన్నెండు బతికున్నాయి. ఖాళీ చేయడం లేదు. నీళ్లు చల్లబడకపోతే ఈ పన్నెండూ పోవచ్చని కూడా బాబాయ్‌కి దాచకుండా చెప్పాను. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా అని వెక్కిరించాడు. తర్వాత అటు తిరిగి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. ఈయనంటే నాకు ఎంత ఇష్టమో.

మే 2
ఏడో ఫ్రేమ్ పైన బోటు ఆపి, బాబాయ్ మాస్కు పెట్టుకుని, చెవులు తడవకుండా ముఖం మాత్రం నీళ్లలో ముంచాడు. బుడగలొచ్చాయి. ఏం చెప్పావు బాబాయ్ అంటే, నీకు కాదుగా అన్నాడు.