వెల్డా ప్లమ్ పొద

ఏప్రిల్ 17, 1998

నా పొదకీ, కంచె అవతల చెల్లెలు వెల్డా పొదకీ మొగ్గలు పట్టాయి. రెండూ మా ఆయన క్లెటస్ నాటినవే. నెబ్రాస్కా వాగుల వెంట తిరిగి వేరువేరు చోట్ల తవ్వుకొచ్చాడు. అడవి ప్లమ్ ఒంటిగా ఉంటే పూస్తుంది గానీ కాయదు, రెండోదాని పుప్పొడి కావాలి అని నాకు చెప్పాడు. వెల్డాకి చెప్పలేదు.

ఈ ఏడు కూడా ప్లమ్ జెల్లీ పోటీలో మొదటి బహుమతి నీలం రిబ్బన్ నాదేనే అక్కా అంది వెల్డా. పోయిన ఆగస్టులో క్లెటస్‌ని సమాధి చేసిన రోజు తను ఆ పోటీ జరిగే కౌంటీ ఫెయిర్‌లో ఉంది. సాయంత్రం మా ఇంటికొచ్చింది. చొక్కాకి రిబ్బన్ అలాగే ఉంది.

ఏప్రిల్ 18

నా పొద నరికేశాను. ముళ్ళు గ్లవ్స్‌లోంచి దిగాయి. కుప్ప వేశాక కూడా కొన్ని మొగ్గలు విచ్చుకున్నాయి. కిరోసిన్ పోసి అంటించాను. వెల్డా అడిగితే తెగులు పట్టిందన్నాను. అయ్యో, బావ చేతి మొక్క కదే అంది. బావ అనడానికి నోరెలా వచ్చిందో.

ఏప్రిల్ 26

వెల్డా పొద విరగబూసింది. వాసన నా వంటింట్లోకి వస్తోంది. కిటికీ మూయలేదు. కూర్చుని కాఫీ తాగాను.

మే 20

వెల్డా పొదకి పిందె నిలవలేదు. ఎరువు బాగా వెయ్యవే అని చెప్పాను.

జూలై 9

నేను నరికిన పొద మొదలు చుట్టూ పిలకలు. గడ్డి కోసే మోవర్ వాటి మీద నడిపాను. మళ్ళీ వచ్చాయి.

ఆగస్టు 14

ఫెయిర్ మొదలైంది. వెల్డా వెళ్ళలేదు. నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. బావని మట్టిలో పెట్టడం చూడలేక పారిపోయానే, ఎటు పోవాలో తెలియక ఫెయిర్‌లో కూలబడ్డాను, రిబ్బన్ ఎవరు గుచ్చారో కూడా తెలీదు అంది. వెళ్తూ వెళ్తూ, పొద ఎందుకు కాయలేదో నీకేమైనా తెలుసా అక్కా అని అడిగింది.

తెలీదన్నాను.

ఆగస్టు 15

పిలకల జోలికి పోలేదు. నాది మళ్ళీ పూస్తే తనది కాస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

అక్టోబర్ 3

వెల్డా ట్రక్కుకి గొలుసు కట్టించి తన పొదని వేళ్ళతో సహా పీకించింది. వ్యవసాయ ఆఫీసులో అడిగిందట. ఒంటిది కాయదటగా అక్కా, బావకి తెలియకుండా ఉంటుందా అంది. నా పేరు ఎత్తలేదు. పీకిన పొదని నా కంచెకే ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 24, 2001

నా పొద పూసింది, ఒంటిగా. ఎంత బాగా పూసిందే అక్కా అంది వెల్డా.

నిన్న కూడా వచ్చి అదే అంది.