చెయ్యి అందని గురువు

చిన్నదానా,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమంగానే ఉన్నాం. మీ నాన్నకి మోకాలి నొప్పి తప్ప అంతా కులాసా. ఆ నొప్పి కబుర్లు వినీ వినీ నాకు తలనొప్పి పట్టుకుంది. నువ్వు వేళకి తిని పడుకుంటున్నావనే నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఈ నెలాఖరు నుంచి లోతు డైవింగ్ శిక్షణలో చేరుతున్నానని రాశావు. నీ కొత్త గురువు ఫోటో కూడా పెట్టావు. చూశాను. నల్ల సూటు, నల్ల కళ్లద్దాలు, చేతులు కట్టుకుని పడవ మీద ఆ నిలబడడం! నీళ్లలో దిగే మనిషి ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదేమిటే? రెండు వేల డైవుల అనుభవమట. ఈత కొలనులో పిల్లల్ని ముంచి తేల్చినవి కూడా కలుపుకుంటే ఐదు వేలు అవ్వాలి, పాపం తగ్గించి చెప్పుకున్నాడు.

"అనుభవమున్న గురువుని ఎలా గుర్తుపట్టాలమ్మా?" అని అడిగావు. ఇరవై ఏళ్లు ఈ పనే నేర్పినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఎన్నిసార్లు దిగాడని కాదు, ఎన్నిసార్లు మానుకుని వెనక్కొచ్చాడని అడగాలి. అలలు నచ్చకో, సిలిండర్లో గాలి మీద అనుమానం వచ్చో, శిష్యుడి కళ్లలో బెదురు చూసో. పనిమంతుడు వేళ్లు మడిచి మరీ చెబుతాడు. నిన్న నేనే వాడికి ఫోన్ చేశాను, కొత్తగా చేరే అమ్మాయి తల్లినని చెప్పి. అబద్ధమేం కాదుగా.

"ఎన్నిసార్లు వెనక్కొచ్చారండీ?" అన్నాను.

"ఒక్కసారి కూడా లేదమ్మా. నేను దిగానంటే అడుగు తాకాల్సిందే."

"మరి మా అమ్మాయి భయపడితే?"

"నా దగ్గరికొచ్చాక భయమేంటమ్మా! మా బ్యాచ్ ఫోటోలు పంపిస్తాను, చూడండి."

ఫోన్ పెట్టేసి చెవి తుడుచుకున్నాను.

పోయిన నెల ఈ గురువు మాట ఎత్తగానే ఎందుకు కసురుకున్నావని కూడా అడిగావు. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు పెట్టేశాను. అందుకే ఇలా రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల కిందట వాడు నా శిష్యుడు. నిన్న నా గొంతు కూడా గుర్తుపట్టలేదు. వీపు మీద రెండు సిలిండర్లు ఉంటాయి కదా. ఒకదాన్నుంచి గాలి కారితే తల వెనక్కి చెయ్యి పెట్టి దాని వాల్వు మూసెయ్యాలి. యాభై మీటర్ల కింద అది క్షణాల్లో జరగాలి, లేకపోతే రెండూ ఖాళీ అయిపోతాయి. గాలి అయిపోయిందని తన్నుకుంటూ నేరుగా పైకొస్తే నెత్తుట్లో గాలి బుడగలు కట్టి ప్రాణం మీదికొస్తుంది. వాడి భుజం బిగుసుకుపోయి ఉండేది. చెయ్యి అందలేదు. మూడు రోజులు పరీక్ష పెట్టాను. మూడో రోజు వెనక నుంచి నేనే వాడి వాల్వు మూశాను. పైకొచ్చాక వాడు పదిమంది ముందు "మేడమ్‌లాంటి గురువు ఇంకెక్కడా దొరకరు" అని చప్పట్లు కొట్టించాడు. పొగడ్తకి కరిగిపోయే మనుషులంటే నాకెంత చులకనో నీకు తెలుసు. నేను కరిగిపోయాను. పాసయ్యాడని సంతకం పెట్టాను. వాడిది ఉత్త బడాయి. నేను చేసింది అంతకంటే రోత పని.

నీ ఉత్తరం చివర రాశావే, "వాళ్ల ఆఫీసు గోడ మీద సర్టిఫికెట్‌లో నీ సంతకం చూశానమ్మా, ఇక వేరే ఎవర్నీ వెతకలేదు" అని. ఆ ముక్క మీ నాన్నకి చదివి వినిపించలేకపోయాను.

సర్టిఫికెట్లిచ్చే సంస్థకి ఉన్నదున్నట్టు రాసి ఈ ఉదయం పోస్టు చేశాను. నా లైసెన్సు రద్దు చేస్తారు. చెయ్యనీ. వాళ్ల జవాబు నీ మొదటి రోజులోగా వస్తుందో రాదో. అందుకని ముందు కొలనులోనే వాణ్ణి అడుగు, మీ కుడి వాల్వు మూసి తెరిచి చూపించండి అని. చెయ్యి అందితే నేనే వచ్చి క్షమాపణ చెబుతాను. అందకపోతే మొహమాటపడకు, సామాను సర్దుకుని వచ్చెయ్. నన్ను తిట్టాలనిపిస్తే కసితీరా తిట్టు. కానీ ఒడ్డు మీద నిలబడి తిట్టవే తల్లీ.

ఇట్లు,
ఆ సంతకం పెట్టిన మీ అమ్మ