నడుము లేని నది

ప్రియమైన తిక్కమ్మా,

నువ్వు గీసి పంపిన నది బొమ్మల కట్ట అందింది. ఒకే బల్ల మీద బొమ్మలు నేర్చుకున్నవాళ్లం కాబట్టి ఊరుకుంటున్నాను. ఇంకెవరైనా అయితే తిరుగు టపాలో పంపేసేదాన్ని. మన యానిమేషన్ కథలో ఏముంది? నది పడుచుపిల్లై కొండ దిగి వస్తుంది. నువ్వు గీసిందేమో జుట్టు ముడేసుకుని, చేతులూపుకుంటూ, అడ్డొచ్చిన బండరాళ్లను తిట్టుకుంటూ వస్తోంది! మా స్టూడియో యజమాని చూసి, "ఈవిడకి నడుమేదండీ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కాస్త సన్నగా, సిగ్గుగా గీసి పంపు తల్లీ.

విసుగుతో,
నీ పొట్టి

ప్రియమైన పొట్టీ,

నదికి నడుమేంటే? వానలు పడ్డాక నది సిగ్గుపడుతూ రావడం ఎప్పుడైనా చూశావా? ఒడ్లు కోసుకుంటూ వస్తుంది, పొలాలకు నీళ్లిస్తుంది, తన దారిన తాను పోతుంది. ఆడతనమంటే మీ యజమానికి నడుమొక్కటే కనిపిస్తుంటే ఆయన కళ్లద్దాలు మార్పించు. నా బొమ్మలు మాత్రం మార్చను. మా అమ్మాయి పరీక్షలు, వంట, ఆఫీసు, వీటి మధ్య నీ గోలొకటి!

ఇంతకంటే ఓపిక లేని,
తిక్కమ్మ

ప్రియమైన మొండిదానా,

నువ్వు మార్చకపోతే నన్నూ ఉద్యోగం మానుకోమంటున్నాడు మా యజమాని. ఇంటద్దె నువ్వు కడతావా? రేపు నేనే నీ గీతలు చెరిపి నడుము పెడుతున్నాను. తర్వాత నా మీద పడి ఏడవకు.

పొట్టి

ప్రియమైన తిక్కమ్మా,

నెల్లాళ్లుగా ఉత్తరం ముక్క లేదు. అలిగావు. అయినా ఇది చదువు.

రేపు రేపంటూ ఇన్నాళ్లూ చెరపలేదు. నిన్న చెరిపే ముందు ఒక్కసారి చూద్దామని నీ బొమ్మల్ని తెర మీద నడిపించాను. వెనక నుంచి యజమాని పగలబడి నవ్వాడు. "అచ్చం మీ నడకేనండీ! ఎవరు చూస్తారు దీన్ని?"

మళ్లీ నడిపించాను. నేనే! కాలేజీలో నిన్నెవడో ఏడిపించాడని ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్లానే, ఆ నడక. అద్దంలో నాకెప్పుడూ నచ్చని మనిషి, తెర మీద ఎంత బాగుందే!

ముందే చెప్పి చావొచ్చుగా, రాక్షసీ! ఇంకాస్తలో చెరిపేసేదాన్ని కదా!

ఒక్క గీత కూడా ముట్టుకోనన్నాను. ఆయన గుమ్మం చూపించాడు. బొమ్మలు ఆయనకు అక్కర్లేదట, చంకన పెట్టుకుని వచ్చేశాను. అద్దె సంగతి భయంగానే ఉంది. ఆదివారం మీ ఇంటికొస్తున్నాను, భోజనాల బల్ల ఖాళీ చేయి. కథ చివర నది కలిసే సముద్రం ఇంకా గీయలేదు. అది నేను నిన్ను చూసి గీస్తాను. నువ్వు నా ఎదురుగా కూర్చో, చాలు. అదైనా వంకలు పెట్టకుండా.

నీ మీద కోపం ఇంకా తగ్గని,
పొట్టి