నాలుగు తలుపుల అట్టలు

జూన్ 10, సోమవారం

రత్తాలు ఒళ్ళో తలుపు అట్ట. వానకి నాని ఉబ్బిపోయిన అట్ట, పైనున్న రెక్సిన్‌తో సహా, లాగే పట్టీతో సహా.

డయాలసిస్ అయ్యాక గంటసేపు కూర్చుని, బీపీ చూపించుకుని బయల్దేరాం. పలాస దాటకుండానే వాన. డయాలసిస్‌కి వచ్చినప్పుడల్లా నా పక్క మంచం మీద ఉండే మనిషి, మూడు ఆటోలు మారి సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి పోవాలి. ఇవాళ మనసొప్పక నా అంబాసిడర్‌లో ఎక్కించుకున్నాను. వెనక ఎడమ తలుపు సరిగా పడలేదు. లోపలి నుంచి గట్టిగా లాగింది. తలుపు పడింది. అట్ట ఊడి చేతికొచ్చింది.

"నానేటీ సెయ్యనేదప్పా! నాగితే ఒచ్చీసినాది!"

నాకు నవ్వొచ్చింది. అద్దంలో చూస్తే ఆమె మొహంలో నవ్వు లేదు. ఊరు చేరేదాకా ఆ అట్టను రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

ఈయన గేటు దగ్గరే అందుకున్నారు. "ఇప్పటికైనా అమ్మీద్దాం."

అమ్మను.

జూన్ 11, మంగళవారం

పొద్దున్నే తలుపు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. లోపల రేకు, తుప్పు, అడుగున నీళ్ళు. నీళ్ళు పోవాల్సిన కన్నాలు బురదతో పూడిపోయాయి. అట్ట వెనక ఉండాల్సిన పాలిథిన్ కాగితం చీలికలు. వాన అద్దం పక్కనుంచి దిగుతుంది, బయటికి పోయే దారి లేక అట్ట తాగుతుంది. ఇన్నేళ్ళుగా తాగుతోంది.

కన్నాలు తీగతో పొడిచాను. బురద నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ఎంత హాయి!

నాన్న టెక్కలి స్టాండులో ముప్పై ఏళ్ళు నడిపిన బండి. ఆయన రోగం వచ్చి పోలేదు, స్టీరింగ్ ముందు కూర్చునే పోయారు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఈ సీట్లోనే.

జూన్ 12, బుధవారం

రత్తాలు ఆటోలోనే వచ్చింది. దారిలో రెండుసార్లు వాంతి. నా బండి ఎందుకు ఎక్కలేదంటే తల తిప్పుకుంది.

"మా వోడు ఒద్దన్నాడప్పా. మనం ఎక్కితే ఆల బండి ఇరిగిపోద్ది అన్నాడు."

సూదులు ఎక్కించాక నాలుగు గంటలు ఇద్దరం పైకప్పు చూస్తూ పడుకోవాలి. పడుకునే చెప్పాను. ఆ తలుపు నేనే బాగుచేస్తాను, నిన్నే ముందు ఎక్కిస్తాను.

"నువ్వా?" అంది. చూపు నా ఎడమ చేతి మీదికి పోయింది.

ఎడమ ముంజేతిలో ఫిస్టులా. వారానికి మూడుసార్లు రక్తం బయటికి వెళ్ళి శుభ్రపడి వచ్చే దారి అదే. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు. సరే. కుడి చెయ్యి ఉంది కదా.

జూన్ 13, గురువారం

కాశీబుగ్గ. సీటు కవర్లు కుట్టే సత్యం మేస్త్రి. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, ఊడిన అట్టను వేలితో నొక్కాడు. పిండిలా రాలింది.

"దీనికి రెడీమేడు ఏదీ దొరకదండి టీచరుగారూ. మీద పేలాస్టిక్ మేటు అంటించీమంటే అంటించీస్తాను."

కొత్తవి చేయమన్నాను. నాలుగూ.

"ఇంత పాత బండికా? ఒంట్లో బాగోనోలు, ఇంటికాడ రెస్టు తీసుకోండి. ఈ పన్లు మీకెందుకు?"

రెస్టు. స్కూల్లో సెలవు పెట్టి ఏడాది దాటింది. ఎవరు కనబడినా ఆ మాటే. మాది ఉద్దానం అనగానే, కిడ్నీలు పోయే చోటని, అవతలివాళ్ళ మొహం మారుతుంది. ఏం నీళ్ళు తాగుతారు మీరు, అని అడుగుతారు. చనిపోయినవాళ్ళ లెక్క అడుగుతారు. ఇక్కడ బతికున్నవాళ్ళు ఏం చేస్తున్నారని ఒక్కరూ అడగరు.

నేనే చేసుకుంటానని ముదురు ఎరుపు రెక్సిన్ తీసుకున్నాను. పల్చటి ప్లైవుడ్ కూడా. సత్యం మేస్త్రి ఆ రంగు మాసిపోదని మాత్రం అన్నాడు.

జూన్ 15, శనివారం

పిన్ను.

కొత్త అట్ట ఎక్కాలంటే, తలుపుకే మిగిలిపోయిన అద్దం దింపే హ్యాండిల్ ముందు ఊడాలి. దాని కింద ఒక బిళ్ళ. దాన్ని లోపలికి నొక్కి పట్టుకోవాలి. అప్పుడు చిన్న పిన్ను కనబడుతుంది. దాన్ని పక్కనుంచి తోయాలి. నొక్కడానికి ఒక చెయ్యి, తోయడానికి ఒక చెయ్యి. రెండోది నాకు లేదు.

మోకాలితో నొక్కాను. జారింది. మోచేత్తో నొక్కాను. ఎముక నొప్పెట్టింది. చివరికి గరిటె కాడ తెచ్చి, దాన్ని తొడతో ఆనించి, బిళ్ళను అణిచి పెట్టి... కుడి చేత్తో మేకు పెట్టి తోశాను. పిన్ను టప్పున పోయి ఇసకలో పడింది. వెతకడానికి పావుగంట.

దొరికింది!

జూన్ 16, ఆదివారం

ఈయన నాకు చెప్పకుండా విశాఖ నుంచి మనిషిని పిలిపించారు. పెళ్ళి ఫోటోలకు పాత కార్లు అద్దెకిచ్చేవాడట. పదింటికి వస్తాడని ఎనిమిదింటికి చెప్పారు.

రెండు గంటలు. మిగతా మూడు తలుపుల అట్టలూ ఊడదీశాను. గరిటె కాడ, మేకు, తొడ.

అతను వచ్చాడు. నాలుగు తలుపులూ తీసి చూశాడు. రేకు, తీగలు, తుప్పు.

"లోపలంతా ఊడిపోయిందేంటండీ?"

"ఊడిపోలేదు. ఊడదీశాను."

ఈయన కొబ్బరిచెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ మనిషి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నుంచి ఇంట్లో మాటల్లేవు. అన్నం మాత్రం పెట్టాను.

జూన్ 17, సోమవారం

రత్తాలుకి ఆదివారం సంగతి చెప్పాను. సూదులు కదులుతాయని నర్సు కేకలేసేదాకా నవ్వింది.

తర్వాత ప్లైవుడ్ సంగతి అడిగింది. అది కూడా తడిస్తే నానిపోతుంది కదా అని.

"పడవలకి మావోలు జీడినూనె రాత్తారు. సముద్రంల ఉన్నా సెక్క పుచ్చదు. నీకు డబ్బాడు అంపిత్తాను. ఒకటే మాట, ఒంటి మీద పడనీకు. కాలిపోద్ది."

నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. జీడితోటల మధ్య పుట్టి పెరిగినదాన్ని.

జూన్ 18, మంగళవారం

రత్తాలు భర్త స్వయంగా డబ్బా తెచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. తలుపుల వైపు చూసి, "మందంగా పుయ్యకండి, పల్సగా పుయ్యాల" అని చెప్పి వెళ్ళిపోయాడు.

జూన్ 20, గురువారం

జీడిపిక్కల తొక్కల నుంచి తీసిన నల్లటి నూనె. ఘాటు. పాత అట్టలు పెట్టి గీసి, కోసిన ప్లైవుడ్ నాలుగు ముక్కలు, తలుపు వైపు ఉండే మొహానికి మాత్రమే పూత. ఎడమ చేతికి మోచెయ్యి దాటేదాకా ప్లాస్టిక్ సంచి చుట్టి, గుడ్డ కట్టాను. కుడి చేతికి కట్టుకోవడం ఎలా? కట్టేవాళ్ళెవరు? నాలుగు రోజులుగా ఇంట్లో మాటల్లేవు.

మూడో ముక్క దగ్గర కుడి మణికట్టు మీద చుక్క పడింది. కడుక్కునేలోపే మచ్చ లేచింది.

ఈయన చూశారు. మాట్లాడారు చివరికి.

"ఎడం చెయ్యి మీద పడుంటే? సెప్పు. అప్పుడేటి సేత్తావు?"

పడలేదన్నాను.

"నీకు బండి కావాలా, బతకాలా?"

"బతుకుతున్నానని కదా బండి కావాలి. వారానికి మూడుసార్లు ఎవరో ఎక్కించుకుంటే ఎక్కి, దింపితే దిగి... సామానునా నేను?"

ఆయన గొంతు పెద్దదైంది, తర్వాత మధ్యలోనే ఆగిపోయింది. అరుగు మీద కూర్చుని మొహం తువ్వాలుతో తుడుచుకున్నారు. చెమట అనుకున్నాను. కాదు.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేను ఆయన ఏడవడం చూడలేదు. అయినా నాలుగో ముక్కకి పూత పూశాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

జూన్ 21, శుక్రవారం

నర్సు మణికట్టు మచ్చ చూసింది. తిట్టింది. విన్నాను.

జూన్ 23, ఆదివారం

నూనె ఆరదు. గాలిలో ఉప్పు తేమ. వేలు పెడితే అంటుతోంది. తొందరపడితే రెక్సిన్ మీదికి మరక దిగుతుంది.

ఎదురుచూడ్డం నాకు చేతకాదు.

జూన్ 25, మంగళవారం

ఆరింది. స్పాంజి అంటించి, రెక్సిన్ పరిచి, మూలల దగ్గర మడిచాను. మూలలన్నీ ముడతలు. విప్పాను. మళ్ళీ. మళ్ళీ ముడతలు. తీసుకుని కాశీబుగ్గ పోయాను. సిగ్గు పడలేదు. కొంచెం పడ్డాను.

సత్యం మేస్త్రి అట్ట తిప్పి చూశాడు. నల్లటి వెనక వైపు చేత్తో రాశాడు, వాసన చూశాడు.

"జీడినూనా? ఎవులు సెప్పినారు?"

పక్క మంచం మనిషి అన్నాను. అర్థం కానట్టు చూశాడు. కత్తెర తీసుకుని వంపు దగ్గర రెక్సిన్ అంచుకి చిన్న చిన్న గాట్లు పెట్టాడు, ఒక్కో ముక్కా లాగి మడిచాడు. ముడత లేదు. రెండో మూల నా చేతికిచ్చాడు.

"మీరు సెయ్యండి."

చేశాను. మూడోది మళ్ళీ విప్పించాడు. నాలుగోదానికి తల ఊపాడు. రెస్టు మాట ఎత్తలేదు.

జూన్ 27, గురువారం

బిగించడం. రేకు మీద ముందు కొత్త పాలిథిన్, ఎరువుల సంచి లోపలిదే, కడిగి ఆరబెట్టింది. దాని మీద అట్ట. అట్ట బరువు కాదు గాని ఎత్తి పట్టుకుని క్లిప్పులు ఒక్కొక్కటే కన్నంలోకి కొట్టాలి. ఒక్క చేత్తో... రెండుసార్లు జారింది.

వెనకనుంచి రెండు చేతులు వచ్చి అట్టను పట్టుకున్నాయి. ఈయన. నేను క్లిప్పులు కొట్టాను. బిళ్ళ ఆయన నొక్కారు, పిన్ను నేను తోశాను.

మూడు తలుపులు అయ్యాయి. నాలుగోది, నా వైపుది, క్లిప్పులు చాలక ఆగింది.

"ఎరుపు బాగుంది." అంతే అన్నారు.

జూన్ 28, శుక్రవారం

రత్తాలు ఊరి దాకా వెళ్ళాను, పొద్దున ఆరింటికి. వీధిలో ఆడవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. వెనక ఎడమ తలుపు తీసి, ఎక్కమన్నాను.

తలుపు పట్టుకోవడానికి భయపడింది. లాగు, అన్నాను. ఇంకా గట్టిగా లాగు.

లాగింది. ధన్‌మని పడింది తలుపు. అట్ట కదల్లేదు.

ఆమె భర్త వంగి అట్ట మీద అరచేత్తో చరిచి చూశాడు. "గట్టిగుంది గదా" అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

డయాలసిస్ అయ్యి వచ్చేటప్పుడు వాన. రత్తాలు నిద్రపోయింది, తల ఎర్ర రెక్సిన్‌కి ఆనించి. వాంతి లేదు. వాళ్ళ ఇల్లు చేరేదాకా లేపలేదు. తలుపు అడుగు నుంచి నీళ్ళు ధారగా రోడ్డు మీదికి పోతూనే ఉన్నాయి.

ఈ రోజు నాది.

జూలై 1, సోమవారం

ఫిస్టులా మీద వేలు పెడితే జుయ్యిమనాలి. ఇవాళ సన్నగా ఉంది. నర్సు పెట్టింది, ఇంకో నర్సు పెట్టింది, డాక్టరు వచ్చాడు. సూదులు ఎలాగో ఎక్కించారు. గురువారం శ్రీకాకుళంలో స్కాన్. మూసుకుపోతోందేమో చూడాలట. అంతవరకు స్టీరింగ్ ముట్టుకోవద్దు.

అట్టలు మోసినందుకా? బిళ్ళ నొక్కినందుకా? డాక్టరు చెప్పలేదు. నేను అడగలేదు.

బండి అక్కడే వదిలి రత్తాలూ నేనూ ఆటో ఎక్కాం. ఆమె నా కుడి చెయ్యి పట్టుకుంది.

జూలై 2, మంగళవారం

అడిగాను. ఫోన్ చేసి.

"అలా ఖచ్చితంగా చెప్పలేమమ్మా. ఏ పనీ చేయనివాళ్ళకి కూడా అవుతుంది." అవును అని అనలేదు, కాదు అని కూడా అనలేదు.

ఈయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను ముందే చెప్పలేదా అనే మాట కోసం ఎదురుచూశాను. రాలేదు. అది వస్తే నా దగ్గర జవాబు ఉంది. రాకపోతే ఏం చెయ్యాలో తెలీలేదు.

సాయంత్రం సత్యం మేస్త్రి బండి తోలుకొచ్చి వాకిట్లో పెట్టాడు. ఈయనే ఫోన్ చేశారట. నాలుగో తలుపుకి క్లిప్పులు జేబులో తెచ్చాడు, తనే బిగించాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. గురువారం శ్రీకాకుళం తానే తీసుకెళ్తానన్నాడు.

"ఈ ఒక్కసారికే" అన్నాను.

"సూద్దాం లెండి."

జూలై 3, బుధవారం

ఇవాళ కూడా జుయ్యి సన్నగానే ఉంది. అయినా ఉంది.

సాయంత్రం కొబ్బరితోట పక్క ఇసక దారి. డ్రైవరు సీట్లో ఈయన. యాభై ఏళ్ళకి మొదటిసారి. ఎల్ఎల్ఆర్‌కి పొద్దున్నే దరఖాస్తు పెట్టొచ్చారట, నాకు చెప్పకుండా. ఈసారి కోపం రాలేదు.

నేను పక్క సీట్లో. ఎడమ చెయ్యి ఒళ్ళో. స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు గాని నోరు మూసుకోమనలేదు. క్లచ్ మెల్లగా వదలండి. మెల్లగా అంటే మెల్లగా. ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి బండి ఒక్క ఎగురు ఎగిరి నిలబడిపోయింది.

చెమటలు పట్టి స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చున్నారు. "నా వల్ల కాదేమోనే."

రేపు పొద్దున ఆరింటికి సత్యం మేస్త్రితో శ్రీకాకుళం బయల్దేరాలి. స్కాన్ చూసి ఏం చెబుతారో తెలీదు.

మళ్ళీ స్టార్ట్ చెయ్యండి, అన్నాను.